పాత వంతెన రాలేదు

తలుపు మూసుకున్న చప్పుడును బట్టి అది పూర్తిగా పడిందో, ఇంకా వేలెడు సందు ఉందో చెప్పగలడు డ్రైవరు. ముప్ఫై ఒక్క ఏళ్ళు బస్సు తలుపుల చప్పుడును వీపుతో విన్న మనిషి. ఈ తలుపు పూర్తిగానే పడింది. దానికున్న గరుకు అద్దంలోంచి రెండు మసక ఆకారాలు కనిపిస్తున్నాయి, ఒకటి నీలం, ఒకటి తెలుపు. నీలం చొక్కా తన కొడుకు. పొద్దున ఆ చొక్కాకి మెడ దాకా గుండీలు పెట్టుకుని, బాగున్నానా అని తల్లిని అడిగి మరీ బయల్దేరాడు. ముప్ఫై మూడేళ్ళవాడు. మనసుకు ఏడెనిమిదేళ్ళు దాటవని డాక్టర్లు ఎప్పుడో కాగితం మీద రాసిచ్చారు గానీ, ఆ కాగితం కన్నా వాడు కొన్ని సంగతుల్లో చాలా పెద్దవాడు, కొన్నిట్లో ఇంకా చిన్నవాడు. ఆ లెక్క తేల్చడానికే ఈ ఆఫీసులో ఇప్పుడీ గంట. ఇంటివాళ్ళు బయటే ఉండాలండీ, కొత్త రూలు, అని లోపలి అధికారి, వయసులో కూతురంత పిల్ల, మర్యాదగానే చెప్పింది. వాడు గడప దాటుతూ వెనక్కి తిరిగి చూశాడు. పెదాలు బిగబట్టి, బుగ్గలు ఉబ్బి, నోటి నిండా నీళ్ళు పట్టుకున్న పిల్లాడిలా ఉన్నాడు. నేను చెప్పనులే నాన్నా అని కళ్ళతోనే మాటిచ్చి వెళ్ళాడు. వాడి మాటంటే మాటే. డ్రైవరుకు భయమేస్తున్నదీ అందుకే.

గోడ మీద గడియారం ఉంది కానీ దానితో ఆయనకు పెద్ద ఉపయోగం లేదు. కుడి కన్ను గ్లకోమాకు ఎప్పుడో ఇచ్చేశాడు. ఎడమ కంటితో చూస్తే గొట్టంలోంచి చూసినట్టు ఉంటుంది, పెద్ద ముల్లు దొరికితే చిన్న ముల్లు దొరకదు, రెండూ దొరికేసరికి నిమిషం మారిపోతుంది. అందుకే టైముకు తన పద్ధతి ఒకటి పెట్టుకున్నాడు. పద్నాలుగో నంబరు బస్సు నీళ్ళ ట్యాంకు దగ్గర బయల్దేరి ఇరవై రెండో స్టాపు గ్యారేజీ చేరడానికి గంట. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, మనసులోనే బండి తీశాడు. నీళ్ళ ట్యాంకు. ఏ కాలంలోనైనా దాని కింద రోడ్డు తడిగానే ఉంటుంది, అక్కడ ఎక్కేవాళ్ళ చెప్పులు మెట్ల మీద కిర్రుమంటాయి. తర్వాత కూరగాయల మార్కెట్ వెనక గేటు, అక్కడ మనుషుల కన్నా ముందు గంపలు ఎక్కుతాయి. పక్క బెంచీ మీద ఒకావిడ కూర్చుని ఉంది, పాతికేళ్ళ కూతురు ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని పైకప్పు ఫ్యానుతో ఏదో కబుర్లు చెబుతోంది. ఆవిడ ఇటు తిరిగి, "లోపలికెళ్ళింది మీ అబ్బాయేనా అన్నయ్యా?" అంది. అవునమ్మా అన్నాడు. "మాట్లాడతాడా?" అని అడిగింది. మాట్లాడడు, అన్నాడు డ్రైవరు. తనే అడ్డుకునే వ్యవధి కూడా ఇవ్వకుండా ఊడిపడింది అబద్ధం, వారం రోజుల రిహార్సల్ మహిమ. ఆవిడ నిట్టూర్చి, కూతురి జుట్టు వెనక్కి తోస్తూ, "అదృష్టవంతులు. మాది గలగలా వాగుతుంది. ఆ వాగుడుకి మాకు ఏమేం తీసేస్తారో" అంది. కొడుకు మాట్లాడకపోవడం అదృష్టమని ఒక తల్లి ఒక తండ్రితో అనే రోజు వస్తుందని ఎవరైనా తనతో చెబితే నమ్మేవాడు కాదు.

ఎందుకంటే ఆ మాట కోసం ఆరేళ్ళు ఎదురుచూశాడు. ఆరేళ్ళు. పక్కింటి పిల్లలు పద్యాలు పాడుతుంటే, ఎదురింటి పిల్ల నాన్నకే ఎదురు చెబుతుంటే, వీడు మాత్రం కిటికీ చువ్వలు పట్టుకుని రోడ్డు మీద పోయే చక్రాలను చూస్తుండేవాడు. చూపించని డాక్టరు లేడు. ఒక సెలవు రోజు వాళ్ళమ్మకు జ్వరమొస్తే, చూసుకునే దిక్కు లేక, వాణ్ణి బండి మీదికి తెచ్చుకుని తన వెనక సీట్లో తువ్వాలుతో నడుముకి కట్టి కూర్చోబెట్టాడు. నీళ్ళ ట్యాంకు అయింది, మార్కెట్ అయింది, మూడో స్టాపు వస్తుండగా కండక్టరు ఎప్పటిలాగే గొంతు చించుకుని పోస్టాఫీసు అని అరిచాడు. మెడ వెనక నుంచి, చెవికి జానెడు దూరంలో, చిన్న గొంతు ఒకటి పోస్టాఫీసు అంది. స్పష్టంగా, ఒక్క అక్షరం మింగకుండా. డ్రైవరు నడిరోడ్డు మీద బ్రేకు తొక్కేశాడు. వెనక హారన్లు, లోపల తిట్లు, ఎవరి గంపలోవో నిమ్మకాయలు సీట్ల కింద దొర్లడం, ఇవేవీ ఆయనకు పట్టలేదు. మళ్ళీ అనరా, మళ్ళీ అనరా అని ఏడుస్తూ కూర్చున్నాడు. కారణం లేకుండా నడిరోడ్డు మీద బండి ఆపినందుకు మెమో ఇచ్చారు. ఆ మెమో ఇప్పటికీ పెళ్ళి ఫోటో ఉన్న పెట్టెలోనే ఉంది. నన్ను అమ్మా అని పిలవకముందే పోస్టాఫీసును పలకరించాడు, నవమాసాలు మోసింది నేనా ఆ పోస్టాఫీసా అని భార్య ఇప్పటికీ దెప్పుతుంది, దెప్పిన ప్రతిసారీ నవ్వుతుంది.

అక్కణ్ణుంచి నాలుగేళ్ళు పట్టింది ఇరవై రెండు స్టాపులూ రావడానికి. ఒక్కొక్కటే, వరసగా. వాడికి ఏదైనా వరసగానే రావాలి, అన్నం కన్నా ముందు నీళ్ళు, చొక్కా కన్నా ముందు బనీను. సెలవుల్లో వెనక సీటు వాడిదే, పాసింజర్లు పెట్టిన పేరు చిన్న కండక్టర్. మీసం వచ్చాక చిన్న పోయి కండక్టర్ మిగిలింది, ఇప్పుడు ఇంట్లో కూడా అదే. వాడు రైట్ రైట్ అంటే గానీ డ్రైవరు గేరు వేసేవాడు కాదు. అసలు కండక్టరు మంచివాడు, రెండు చేతులూ కట్టుకుని, బాసు గారు చెప్పనీ అని నవ్వుతూ నిలబడేవాడు. కాకి పిల్ల కాకికి ముద్దు అంటారు గానీ ఈ కాకి పిల్ల ఊరందరికీ ముద్దు. అప్పుడు తన ఛాతీ ఎంత పొంగేదో. ఎక్కిన ప్రతివాడికీ చూపించేవాడు, మావాడికి ఇరవై రెండు స్టాపులూ వచ్చు, కావాలంటే అడగండి అని. చుట్టాలకు చూపించాడు, డాక్టర్లకు చూపించాడు, మొదటిసారి లెక్కలు రాసుకోవడానికి ఇంటికొచ్చిన ఆఫీసువాళ్ళకూ చూపించాడు. ఆ గొప్పే ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

ఆడపిల్లల బడి దాటితే కోర్టు. అక్కడ ఎక్కేవాళ్ళందరి చేతుల్లోనూ కాగితాలుంటాయి, చదివిన కాగితాన్నే మళ్ళీ మళ్ళీ చదువుకుంటూ ఉంటారు. సంక్షేమ శాఖ నుంచి ఉత్తరం వచ్చినప్పుడు తనూ అలాగే పట్టుకుని కూర్చున్నాడు, చదవలేకపోయినా. స్వతంత్రముగా ప్రయాణించగల వారికి వ్యాను సదుపాయము నిలిపివేయబడును. శనివారం, కొడుకు రోజూ వ్యానులో పనికెళ్ళే వర్క్‌షాపు భోజనాల గదిలో తల్లిదండ్రుల మీటింగు పెట్టారు, ఇరవై ఆరు ఇళ్ళవాళ్ళు, కుర్చీలు చాలక సగం మంది గోడకు ఆనుకున్నారు. ఉత్తరం మొదటి పేజీ జిరాక్సులు తీయించి పంచింది నర్సమ్మ, ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన మనిషి, అందరికీ పెద్ద దిక్కు. రెండో పేజీ తీయించలేదు. అసలు సంగతి మొదటి దాన్లోనే ఉంది కదా, రెండోది మామూలు షరతులు అంది. తన దగ్గరున్న రెండో పేజీ బీరువా మీద అలాగే ఉంది, చీమల్లాంటి అక్షరాలు. భార్య చేత చదివించుకోవచ్చు, కానీ ఆవిడకు ఈ వ్యవహారమే ఇష్టం లేదు, కదిపితే గొడవ.

ఆ మీటింగులో ఎవరి కడుపులో మంట వాళ్ళు కక్కారు. నర్సమ్మ కూతురు, నలభై ఏళ్ళ పిల్ల, ఇంటికొచ్చిన అధికారికి టీ పెట్టి ఇచ్చింది. పద్దెనిమిదేళ్ళు పక్కన నిలబడి నేర్పించిన టీ. చక్కెర ఎంత వేయమంటారు అని కూడా అడిగిందట. వారం తిరక్కుండా వ్యాను తీసేశారు, ఇంటికొచ్చి రెండు గంటలు సాయం చేసే మనిషినీ తీసేశారు. వాపును చూసి బలుపనుకున్నారు అన్నయ్యా అని నర్సమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. బేకరీ ఆయన తమ్ముడికి వ్యాను బదులు బస్సు పాసు ఇచ్చారు, అతను దాన్ని అద్దం పెట్టించి గోడకు తగిలించాడు తప్ప ఇంట్లోంచి కదల్లేదు. అర్జీ పెట్టారు, సంతకాలు పెట్టారు, వేలిముద్రలు కూడా వేయించారు. పరిశీలనలో ఉన్నది అని జవాబు వచ్చింది, వచ్చి కూడా ఆర్నెల్లయింది. పైవాడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఎవరో అంటే, ఈ శాఖలో పైవాడెవరో చెప్పండి ముందు అని ఇంకెవరో అన్నారు, ఏడుపులో నవ్వు. ఆఖర్న నర్సమ్మ చెప్పిందే తీర్మానం. ఈసారి పిలిచినప్పుడు మన పిల్లల తెలివి చూపించకండి. తల దువ్వకండి, గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టండి, వచ్చింది కూడా రాదనండి. వాచీలు బాగుచేసే ఆయనొకడు, ఎప్పుడూ నోరు విప్పని మనిషి, మన పిల్లలు చేతకానివాళ్ళని మన నోటితోనే రాయిస్తే రేపు దాన్ని ఎవరు చెరుపుతారు అని అడిగాడు. ఎవరూ వినలేదు. తనూ వినలేదు.

కోర్టు తర్వాత ప్రసూతి ఆసుపత్రి. అక్కడ బండి నెమ్మదిగా ఆపాలి, నెలలు నిండినవాళ్ళు ఎక్కుతారు. వీడు పుట్టిందీ అక్కడే. పుట్టగానే ఏడవలేదు. ఎంతసేపు ఏడవలేదో అప్పుడు ఎవరూ గడియారం చూడలేదు, తర్వాత మాత్రం ఆ కొన్ని నిమిషాల గురించే అందరూ అడిగారు. భార్య అప్పట్నుంచీ వాడి గొంతు కోసం చెవి రిక్కించుకునే బతుకుతోంది. ఇప్పుడు మోకాళ్ళు అరిగిపోయి గోడ పట్టుకుని నడుస్తున్నా, వీధి మలుపులో వాడి గొంతు వినిపిస్తే లేచి నిలబడుతుంది. పొద్దున వాణ్ణి ముందు కూర్చోబెట్టుకుని శుభ్రంగా తల దువ్వింది, పాపిడి తీసి మరీ. నర్సమ్మ వద్దంది కదే అంటే, దువ్వెన పక్కన పెట్టి, "ఏమండీ, వాడికి రానిది రాదని చెప్పండి, సిగ్గు లేదు. వచ్చింది రాదని మాత్రం వాడి చేత చెప్పించకండి" అంది. తను వినీ విననట్టు చెప్పులు వెతుక్కున్నాడు. ఒక చెప్పు దొరికింది, రెండోది గొట్టం చూపుకి దొరకలేదు. వాడే తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టాడు.

రైలు గేటు పడి ఉంది, బండి ఆగింది. లోపల నీలం ఆకారం కదలడం లేదు. తెల్ల ఆకారం ముందుకు వంగుతోంది, వెనక్కి వాలుతోంది, ఏదో ఎత్తి చూపిస్తోంది, నీలం మాత్రం పాతిన రాయిలా ఉంది. బాగా చేస్తున్నాడు అనుకున్నాడు డ్రైవరు, అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఈ వారం రోజులూ భోజనాల బల్ల దగ్గర తనే అధికారి వేషం కట్టాడు. బస్సెక్కి ఎక్కడికి వెళతావు? తెలియదు అనాలి. నీళ్ళ ట్యాంకు తర్వాత ఏ స్టాపు? తెలియదు అనాలి. మొదటి రోజు వాడు ఇది కొత్త ఆట అనుకుని పొట్ట పట్టుకుని నవ్వాడు. రెండో రోజు నవ్వలేదు. తండ్రి మొహంలోకి దగ్గరగా చూసి, కంగారుపడి, కుర్చీ పక్కకు జరుపుకున్నాడు. "మర్చిపోయావా నాన్నా? పర్లేదులే. నేను చెబుతా" అని వేళ్ళు మడిచి మొదలుపెట్టాడు, నీళ్ళ ట్యాంకు, కూరగాయల మార్కెట్, పోస్టాఫీసు, నెమ్మదిగా, ఒక్కోటి చెప్పి ఆగి, అను నాన్నా అంటూ. కళ్ళు పోతున్నాయి కదా, స్టాపులు కూడా పోయాయనుకున్నాడు పిచ్చి నాయన. తను ఎలా నేర్పాడో అచ్చం అలాగే నేర్పుతున్నాడు, అదే ఓపిక, అదే బుజ్జగింపు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అక్కడితో మానేసి ఉండాల్సింది. కానీ మూడో రోజు తను కసిరాడు. ఆఫీసులో చెబితే వ్యాను పోతుందిరా, ఇక రాదు, తెలిసిందా అన్నాడు. వాడి మొహం పాలిపోయింది. వ్యాను పోతుందా? పోతుంది. చెబితేనా? చెబితే. అంతే, ఆ క్షణం నుంచి పెదాలు బిగించాడు. ఏం చెప్పకూడదో, ఏం చెప్పవచ్చో అన్న తేడా వాడికి ఎవరూ విడమరచలేదు.

వ్యాను అంటే వాడికి ఏమిటో తనకు తెలుసు. ఉప్పు గోదాములు దాటుతుంటే ఇప్పటికీ కాలు దానంతటదే బ్రేకు వెతుక్కుంటుంది, తర్వాత వచ్చేది పాత వంతెన గనుక. మూడేళ్ళ కిందట, తను రిటైరైన నెలకే, కొడుకును ఒంటరిగా పద్నాలుగో నంబరు ఎక్కించాడు. తొమ్మిది పాత వంతెన, పది కొత్త కాలనీ, పదకొండు అద్దాల ఫ్యాక్టరీ, అక్కడ దిగితే ఎదురుగానే వర్క్‌షాపు. నిద్రలో అడిగినా చెబుతాడు. భార్య కూడా ఒప్పుకుంది, వాడైతే కొత్త చొక్కా వేసుకున్నాడు. ఆ పొద్దున్నే వంతెన మరమ్మతు మొదలుపెట్టి దారి మూశారు. బస్సు చుట్టు తిరిగి వెళ్ళింది. కొత్త కాలనీ వచ్చింది, వాడు దిగలేదు. అద్దాల ఫ్యాక్టరీ వచ్చింది, వర్క్‌షాపు బోర్డు కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది, దిగలేదు. పాత వంతెన రానిదే అద్దాల ఫ్యాక్టరీ ఎలా వస్తుంది? బస్సు గ్యారేజీకి పోయింది, వాడు అదే బస్సులో మళ్ళీ మొదటికి వచ్చాడు, మళ్ళీ వరస మొదలుపెట్టాడు. అలా నాలుగు ట్రిప్పులు. అన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకునే ఉన్నాడు, మూత తీయలేదు. ఎవరినీ అడగలేదు, ఎవరూ అడగలేదు. ఐదో ట్రిప్పులో తన పాత కండక్టరు గుర్తుపట్టి కబురు చేస్తే పరుగెత్తాడు. ప్యాంటు తడిసిపోయి ఉంది. తనను చూడగానే ఏడవలేదు, తప్పు చేసినవాడిలా తల వంచుకుని, పాత వంతెన రాలేదు నాన్నా అన్నాడు. ఆ ఒక్కమాటే రెండు నెలలు అన్నాడు.

వంతెన బాగైంది, బస్సు మళ్ళీ దాని మీదుగానే పోతోంది, వీడు మాత్రం బస్సు మెట్టెక్కలేదు. ఎనిమిది నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగితే ఈ వ్యాను వచ్చింది. తెల్ల వ్యాను, వీధి మలుపులో రెండు హారన్లు కొడుతుంది, వ్యాను నడిపే మనిషి వెనక సీటు వీడి కోసం ఖాళీగా ఉంచుతారు. దాంతో వాడు మళ్ళీ మనిషయ్యాడు. వర్క్‌షాపులో అట్టపెట్టెలు మడుస్తాడు, పదింటికి ఒక రబ్బరుబ్యాండు, తొమ్మిదైనా ఒప్పుకోడు పదకొండైనా ఒప్పుకోడు. నర్సమ్మ కూతురు పెట్టిన టీ తాగి బాగుందమ్మా అంటాడు, పెద్దమనిషిలా. రోజూ సాయంత్రం ఇంట్లో ఒకసారి బండి ఆట. తను కుర్చీ వేసుకుని ముందు, వాడు వెనక. ఆ ఆటలో పాత వంతెన దగ్గర ఈ మూడేళ్ళలో ఒక్కసారి కూడా బ్రేకు తొక్కకుండా పోలేదు డ్రైవరు. తనే దగ్గరుండి బస్సులో తీసుకెళ్ళొచ్చు కదా అని అడిగారు మీటింగులో. తనకు బస్సు నంబరు కనిపించడం మానేసి ఏడాదయింది. ఇవాళ ఇక్కడికి దారి చూపించిందీ వాడే, చెయ్యి పట్టుకుని, మెట్టుంది నాన్నా, మెట్టుంది నాన్నా అంటూ.

గంట కాకముందే తలుపు తెరుచుకుంది. బండి ఇంకా వంతెన మీదే ఉంది.

"లోపలికి రండి సార్" అంది అధికారి అమ్మాయి. కొడుకు కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు, పెదాలు అలాగే బిగించి, మొహమంతా చెమట. తండ్రిని చూసి కళ్ళు మెరిశాయి, చూశావా ఎలా ఉన్నానో అన్నట్టు. ఆ అమ్మాయి కాగితాలు సర్దుకుంటూ, "ఇంతసేపట్లో ఒక్క మాట కూడా మాట్లాడలేదండీ. పేరు అడిగాను. బొమ్మలు చూపించాను. మంచినీళ్ళు కావాలా అన్నాను, దానికి కూడా తల ఊపలేదు" అంది. డ్రైవరు గుండె ఒక్కసారి తేలికైంది. గట్టెక్కాం. అయితే వ్యానుకు ఢోకా లేదు కదమ్మా అన్నాడు, గొంతులో సంతోషం దాచుకోలేక.

"వ్యాను అవసరం ఉండదండీ. ఈ మార్కులకు వర్క్‌షాపు సీటు ఇవ్వడానికి లేదు. ఇరవై కన్నా తక్కువ వచ్చినవాళ్ళను పూర్తి సంరక్షణ కేంద్రానికి రాయాలి. మీకు పంపిన ఉత్తరంలో రెండో పేజీలో ఉంది. ఊరి బయట, మంచి చోటే. అక్కడే ఉంటారు. మీరు నెలకోసారి వెళ్ళి చూసి రావచ్చు."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే. వాడి నాలుక. ఆరేళ్ళు ఎదురుచూసి తెచ్చుకున్న నాలుక. అట్టపెట్టెలు, రబ్బరుబ్యాండ్లు, టీ, రెండు హారన్లు, వీధి మలుపులో చెవి రిక్కించుకునే తల్లి, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. బల్ల అంచు పట్టుకుని, "వాడికి మాటలొచ్చమ్మా. నేనే వద్దన్నాను" అన్నాడు. ఆ అమ్మాయి మొహంలో కోపం లేదు, అలసట ఉంది. "అందరూ తర్వాత అలాగే అంటారండీ. నేను చూసిందే రాయాలి" అంది.

"అయితే చూడమ్మా" అన్నాడు డ్రైవరు.

ఖాళీ కుర్చీ ఒకటి లాగి కొడుకు ముందు వేశాడు, వాడికి వీపు పెట్టి కూర్చున్నాడు. చేతులు చాచి లేని స్టీరింగు పట్టుకున్నాడు. గేరు వేయలేదు. వాడు అనకుండా ఈ బండి ఏనాడూ కదల్లేదు. వెనక ఊపిరి వినిపిస్తోంది, వేడిగా మెడకు తగులుతోంది, నోరు తెరుచుకోబోయి మళ్ళీ మూసుకోవడం కూడా వినిపించింది. చాలాసేపటికి, చెవిలో రహస్యంలా, "చెబితే వ్యాను పోతుంది కదా నాన్నా" అన్నాడు వాడు.

"పోతే పోనీరా. నువ్వు చెప్పు."

మరో ఊపిరి. ఆ తర్వాత, ఆ అమ్మాయి చేతిలో పెన్ను జారిపోయేంత గట్టిగా, "రైట్ రైట్!" అన్నాడు కండక్టరు. బండి కదిలింది. నీళ్ళ ట్యాంకు, కూరగాయల మార్కెట్, పోస్టాఫీసు, ఇంతసేపు బిగబట్టిన గొంతు కట్ట తెగినట్టు వస్తోంది, ఒక్కో స్టాపుకీ బల్ల మీద చేత్తో రెండు దెబ్బలు. ఆడపిల్లల బడి, కోర్టు, ఆసుపత్రి దగ్గర మెల్లగా నాన్నా, రైలు గేటు. పెన్ను కాగితం మీద గబగబా కదులుతోంది. ఆ చప్పుడు డ్రైవరుకు తెలుసు, టిక్కులు పెట్టే చప్పుడు. స్వతంత్రముగా ప్రయాణించగలడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నోరు మూస్తే ఊరి బయటికి, నోరు తెరిస్తే బస్సులో ఒంటరిగా. రానిది రాదని చెప్పండి, సిగ్గు లేదు అంది భార్య పొద్దున. తను వచ్చినదాన్ని దాచాడే గానీ, రానిదాన్ని ఇంతవరకూ ఎవరి ముందూ విప్పి చూపించలేదు. ఉప్పు గోదాములు అన్నాడు వాడు. బ్రేకు మీదికి పోబోయిన కాలును డ్రైవరు వెనక్కి తీసుకున్నాడు. మూడేళ్ళలో మొదటిసారి.

"పాత వంతెన మూసేశారు కండక్టర్. చుట్టు తిరిగి పోతున్నాం. తర్వాతి స్టాపు చెప్పు."

కుర్చీ కిర్రుమంది. ఒక చెయ్యి వచ్చి చొక్కా కాలరు పట్టుకుంది. రాలేదు నాన్నా, అన్నాడు. చెప్పరా తర్వాతిది. రాలేదు. పెన్ను ఆగింది. "తర్వాతిది మీకు తెలుసు కదా, చెప్పండి" అంది ఆ అమ్మాయి కూడా, బుజ్జగింపుగానే. వాడు మళ్ళీ మొదలుపెట్టాడు, నీళ్ళ ట్యాంకు, కూరగాయల మార్కెట్, ఈసారి బల్ల మీద దెబ్బలు లేవు, ఉప్పు గోదాముల దాకా వచ్చి ఆగిపోయాడు. మళ్ళీ నీళ్ళ ట్యాంకు. మళ్ళీ ఆగింది. కాలరు మెడకు బిగుసుకుంటోంది, మోకాళ్ళు తన కుర్చీ వెనక టకటకా కొట్టుకుంటున్నాయి. డ్రైవరు కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడానికి స్టీరింగు వదల్లేదు. మూడోసారి నీళ్ళ ట్యాంకు అన్నప్పుడు ఆ అమ్మాయి లేచి నిలబడింది. "చాలు సార్, ఆపేయండి."

"చూశావు కదమ్మా" అన్నాడు డ్రైవరు. "వాడికి అన్నీ వచ్చు. వరసలో ఒక్కటి తప్పిపోతే ఇక ఏదీ రాదు. దీన్ని ఏ గడిలో రాస్తావో రాయి." ఆ అమ్మాయి కాగితం తిప్పింది, రెండో పేజీ, మూడో పేజీ, వేలితో గడులు వెతుక్కుంది. దీనికి గడి లేదండీ, అంది నెమ్మదిగా. ఆఖరి కాగితం బోర్లా తిప్పి, ఏమీ అచ్చు వేయని తెల్ల వైపు పైకి పెట్టుకుని కూర్చుంది. "ఉన్నదున్నట్టు ఇక్కడ రాస్తాను. పైన ఏం చేస్తారో నేను మాటివ్వలేను."

డ్రైవరు తలూపాడు. అది తర్వాతి సంగతి. వెనక వాడింకా నీళ్ళ ట్యాంకు దగ్గరే ఉండిపోయాడు, వాణ్ణి అలా నడిదారిలో వదిలేసి ఏ తండ్రి లేస్తాడు? మళ్ళీ బండి తీశాడు. ఇద్దరూ కలిసి చెప్పుకుంటూ వచ్చారు, మార్కెట్, పోస్టాఫీసు, బడి, కోర్టు, ఆసుపత్రి, రైలు గేటు, ఉప్పు గోదాములు. అప్పుడు గచ్చు మీద పాదం గట్టిగా అదిమి బ్రేకు తొక్కాడు డ్రైవరు. పాత వంతెన వచ్చిందిరా, దిగేవాళ్ళు దిగండి అన్నాడు. కాలరు మీద చెయ్యి వదులైంది. పెద్ద ఊపిరి ఒకటి వెనక నుంచి వచ్చి మెడ మీద పడింది. రైట్ రైట్, అన్నాడు వాడు మెల్లగా. కొత్త కాలనీ అన్నాడు. ఆ తర్వాత కుర్చీలోంచి లేచి, చొక్కా సర్దుకుని, మెడ కింది గుండీ ఉందో లేదో తడుముకుని, మొదటిసారి ఆ అమ్మాయి వైపు తిరిగాడు.

"అద్దాల ఫ్యాక్టరీ. నేను దిగేది ఇక్కడే మేడమ్. రాసుకోండి."

ఆ అమ్మాయి రాసుకుంది.